ఇంటి కావలియు రహస్యసంఖ్యల చిట్టాయు

గోలకొండ దుర్గమును చూడబోయినవారికి మార్గదర్శకులు మొట్టమొదట చూపు వింత యొకటి కలదు. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచినచో, ఆ ధ్వని సుమారు కిలోమీటరు దూరమున కొండపై నున్న బాలా హిస్సారునందు స్పష్టముగ వినబడును. ద్వారముకడకు ఎవరైన వచ్చిన సంగతి పైవారికి వెంటనే తెలియుటకై చేసిన ఏర్పా టిది యని చెప్పుదురు. తీగ లేదు, విద్యుత్తు లేదు. ఐనను నేటికిని అది పనిచేయుచునే యున్నది. 1687వ సంవత్సరమున ఔరంగజేబు సైన్యము ఈ కోటను ముట్టడించి యుండగా, ఒకనాటి రాత్రి మొగలు సైనికులు త్రాళ్ల నిచ్చెనలతో గోడ లెక్కుచుండిరనియు, ఒక కుక్క మొరిగి కావలివారిని మేల్కొల్పెననియు, సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించెననియు చరిత్రకారులు వ్రాసిరి. కోట సుమారు ఎనిమిది మాసములు నిలిచెను. సెప్టెంబరులో అది శత్రువుల వశమగుటకు కారణము గోడ కూలుట కాదు. అబ్దుల్లాఖాన్ పనీ యను లోపలి సర్దారు లంచము గైకొని, రాత్రివేళ ఒక ద్వారమును తెరచెను. చప్పట్ల ఏర్పాటు చెడలేదు, కుక్క మూగపోలేదు. తెరచు అధికారము గలవాడే తెరచెను గనుక హెచ్చరిక చేయవలసిన అవసరమే ఎవ్వరికిని తోచలేదు.

ఇంటి కావలి చరిత్రనంతను ఈ ఒక్క రాత్రియందు చూడవచ్చును. పరాయివాడు వచ్చినచో తెలుపుటకు గంట యున్నది. వచ్చినవాడు తనవాడేయని నిశ్చయించుటకు తాళపుచెవియో, సంకేతపదమో, రహస్యసంఖ్యయో యున్నది. గంటను గూర్చి మనుష్యులు మిక్కిలి శ్రద్ధ వహించిరి. రహస్యమును గూర్చియు కొంత వహించిరి. కాని ఆ రహస్యములన్నియు వ్రాసియుంచిన చిట్టా యెవరి చేతనున్నది, దానిని చూడగలవా రెందరు అను ప్రశ్న మాత్రము చాలకాలము ఎవరికిని పట్టలేదు. ఈ వ్యాసము ఆ చిట్టాను గూర్చినది.

పూర్వులు దీనిని బొత్తిగా ఎరుగరని కాదు. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున పొలీబియస్ అను గ్రీకు చరిత్రకారుడు రోమను సేనల శిబిరములను వర్ణించుచు ఒక పద్ధతిని తెలిపెను. ఆ రాత్రికి చెల్లు సంకేతపదమును చిన్న పలకలపై వ్రాసి దళమునుండి దళమునకు పంపెడివారు. చీకటి పడకమున్నే పలకలన్నియు అధికారికడకు తిరిగి చేరవలెను. ఒక్కటి తక్కువైనచో అది యేదళమువద్ద ఆగినదో గుర్తునుబట్టి విచారణ జరిగెడిది. ఆవకజావకల రిజిస్టరు వ్రాసి చేతులు కాయలు కాచిన మన సోదరులకు ఇందలి సూక్ష్మము వేరుగ చెప్పనక్కరలేదు. మన ప్రభుత్వ కార్యాలయములందలి నగదు పెట్టె విషయమును చూడుడు. ఖజానాకు రెండు తాళములు. ఒక చెవి ఒకరియొద్ద, వేరొకటి మరియొకరియొద్ద. ఇద్దరును కూడినగాని పెట్టె తెరువబడదు. నకలు చెవిని ముద్రవేసిన సంచిలో నుంచి వేరొక అధికారి వశమునందుంచుదురు. ఏటేట దానిని తెప్పించి పరీక్షించి, క్రొత్త ముద్రవేసి మరల పంపి, ఆ సంగతి రిజిస్టరునందు నమోదు చేయుదురు. చాదస్తమని నవ్వుకొన్నవారు కలరు. గోలకొండలో ఈ చాదస్తము లేకపోయెను.

గ్రామములందు మాత్రము కావలి వేరు రీతిగ నడచెను. ఆంధ్రదేశమున తలారి, తెలంగాణమున సేత్‌సిందీ ఊరికాపులుగ నుండిరి. తలారికి ఊరిలో ప్రతివాని ముఖమును తెలియును. సంకేతపదముతో నతనికి పనిలేదు. ముఖ మెరుగని పట్టణములు పెరిగినపిమ్మట గదా యీ చిక్కులన్నియు వచ్చినవి.

అట్టి పట్టణములలో మొదటిది లండను. 1784లో జోసెఫ్ బ్రామా ఒక తాళమునకు పేటెంటు పొంది, దానిని పికడిల్లీ వీధిలోని తన దుకాణపు కిటికీయందుంచి, చెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు ఇచ్చెదనని ప్రకటించెను. 1817లో పోర్ట్‌స్మత్ నౌకానిర్మాణ స్థలమున దొంగతనము జరుగగా, స్వంత చెవితోదప్ప తెరువరాని తాళము చేసినవారికి బహుమానమిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. మరుసటి సంవత్సరము జెరిమయా చబ్ అనునాతడు చేసిన తాళమున కది లభించెను. ఆ తాళమున విశేషమేమనగా, దొంగచెవితో తిప్పబోయినచో లోపలి మీట ఒకటి మితిమీరి లేచి అక్కడనే చిక్కుకొనును. పిమ్మట యజమాని తన చెవి పెట్టినప్పుడు తాళము తిరుగదు. ఎవరో ప్రయత్నించిరని అతనికి తెలియును. తాళమును హెచ్చరికయును ఒకే పెట్టెయం దిమిడిన మొదటి ప్రసిద్ధ యంత్రమిదియేయని నా యభిప్రాయము.

1851లో లండనునందు మహాప్రదర్శనము జరిగినప్పుడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా తాళముల నిపుణుడు వచ్చి, చబ్ తాళమును 25 నిమిషములలో తెరచెను. మీట చిక్కుకొనుటయే అతనికి దారి చూపెనట! హెచ్చరించుటకై పెట్టిన సాధనమే, ఏమీట ఎంతవరకు లేవవలెనో అతనికి తెలియజేసెను. తరువాత బ్రామా తాళముపై 16 దినములలో మొత్తము 51 గంటలు పనిచేసి దానినిగూడ తెరచి 200 గినీలు గెలుచుకొనెను. లండను పత్రికలలో గొప్ప గగ్గోలు పుట్టెను. ఇట్టి లోపములను బహిరంగపరచుట దొంగలకు పాఠము చెప్పుట గాదా యని కొందరు కోపించిరి. ఈ విషయములు దొంగలకు మునుపే తెలియుననియు, తెలియనివారు ఇంటివారు మాత్రమేననియు హాబ్స్ పక్షమువారు బదులు చెప్పిరి. ఈ వాదము నేటికిని ముగియలేదు. నేను హాబ్స్ పక్షమువాడను.

ఇక గంట మాట. 1853 జూన్ 21వ తేదీన అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు సోమర్‌విల్ నివాసి అగస్టస్ రసెల్ పోప్ విద్యుదయస్కాంతపు దొంగతనపు హెచ్చరిక యంత్రమునకు పేటెంటు పొందెను. తలుపులకును కిటికీలకును తీగ లమర్చి బ్యాటరీతో కలిపెను. తలుపు తెరచినచో విద్యుత్తు ప్రవహించి, సుత్తి కదలి గంట మ్రోగును. ఎడ్విన్ హోమ్స్ అను వర్తకుడు 1857లో ఆ హక్కులను కొని బోస్టనునందును న్యూయార్కునందును వ్యాపారము సాగించెను. గంట ఇంటిలో మ్రోగిన చాలదు, వినువాడు ఒకడు కావలెనను తలంపుతో తీగలను ఊరినడుమ నొక కేంద్ర కార్యాలయమునకు తీసికొనిపోవు పద్ధతి పిమ్మట వచ్చెను. 1874లో అమెరికన్ డిస్ట్రిక్ట్ టెలిగ్రాఫ్ కంపెనీ ఏర్పడినది ఆ పునాదిపైననే. దీనివలన భద్రత పెరిగినమాట నిజము. కాని చరిత్రయందు మొదటిసారిగ, ఊరిలో ఏయే యిండ్లకు గంట లున్నవి, ఎవరు లేనప్పుడు ఎవరిని పిలువవలెను అను సమాచారమంతయు ఒక్క గదిలో, ఒక్క చిట్టాలో చేరెను. మరియొక నూరేండ్లకు, న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున నర్సుగ పనిచేయుచుండిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నల్లజాతి స్త్రీ, భర్త ఆల్బర్టుతో కలిసి, వాకిట నిలిచినవాని ముఖమును పడకగదిలోని టెలివిజనుపై చూపునట్టియు, మీట నొక్కి తలుపు తీయుటకు వీలగునట్టియు యంత్రమును కల్పించెను. 1966లో దరఖాస్తు చేసి 1969 డిసెంబరు 2న పేటెంటు పొందెను. రాత్రి విధులు చేయు స్త్రీ భయమునుండి పుట్టిన యంత్రమది; నేటి యింటి కెమెరాలన్నియు దాని సంతానమే.

ఈ యంత్రము లన్నిటికిని ఒక సమస్య సామాన్యము. ఇంటివాడే తలుపు తీసినను గంట మ్రోగును. కావున నేనే వచ్చితినని యంత్రమునకు చెప్పుటకొక మార్గము కావలెను. మొదట తాళపుచెవి చేత నడచెను. తరువాత గోడపై అంకెల పలక వచ్చి, నాలుగంకెల రహస్యసంఖ్య వాడుకలోనికి వచ్చెను. 0000 మొదలు 9999 వరకు మొత్తము 10,000 సంఖ్యలు. చూచుటకు పెద్దదే. కాని పలకపై నాలుగు మీటలు మాత్రమే అరిగి మెరయుచున్నచో దొంగకు మిగిలినవి 24 మాత్రమే. మూడే అరిగియున్నచో ఒక అంకె రెండుమారులు వచ్చినదని యర్థము, అప్పుడు 36. అరగకున్నను మనుష్యుల స్వభావము తోడగును. బహిర్గతమైన 34 లక్షల నాలుగంకెల సంఖ్యలను 2012లో ఒకరు పరిశీలింపగా, నూటికి పదింటికి పైగా 1234యే యని తేలెను. మిగిలినవారిలో పెక్కుమంది పుట్టిన సంవత్సరమును పెట్టుకొనిరి. ఇట్టి లోపములను ఇంటివాడు ఒక నిమిషములో సవరించుకొనవచ్చును. సవరింపరానిది చిట్టా.

చిట్టా కథ నిజముగ మొదలగునది ఇండ్లలో కాదు, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున. 1961 నవంబరులో అచట ఫెర్నాండో కోర్బటో నాయకత్వమున, ఒకే పెద్ద కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి ప్రదర్శింపబడెను. ఎవరి కాగితములు వారికే కనబడవలెను గనుక ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు ఏర్పరచిరి. యంత్రము వానిని సరిచూడవలెను గనుక అన్నిటిని ఉన్నవున్నట్లుగ ఒక పట్టికలో వ్రాసికొని దాచుకొనెను. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల యంత్రకాలము లభించుచుండెను. అతని పరిశోధనకు అది చాలలేదు. కార్డుపై రంధ్రములు పొడిచి ఫైలు పేరు తెలిపినచో దానిని అచ్చువేసి యిచ్చు సదుపాయము అచట నుండెను. అతడొక శుక్రవారము రాత్రి పాస్‌వర్డుల ఫైలు పేరుతోనే కార్డు సమర్పించెను. మరునాటి యుదయమున ఆ పట్టిక అచ్చై, అందరి కాగితములతోపాటు అరలో వేచియుండెను. తాళము పగులగొట్టలేదు, ఏ పదమును ఊహింపలేదు, అడిగెను, ఇచ్చిరి. చాలకాలమునకు తానే యీ సంగతిని బయటపెట్టెను.

నాలుగేండ్ల తరువాత జరిగినది మరింత చిత్రము. ఆ యంత్రమున, లోనికి వచ్చు ప్రతివానికి ఆనాటి ప్రకటన మొదట కనబడునట్టి యేర్పాటు కలదు. ఒకనాడు అధికారులలో ఒకరు ప్రకటనను, వేరొకరు పాస్‌వర్డుల పట్టికను ఒకే సమయమున సవరించుచుండిరి. సవరణ యంత్రము ఇరువురి పనికిని ఒకే పేరుగల తాత్కాలికపు ఫైలును వాడెను. రెండును తారుమారయ్యెను. ఆపై కంప్యూటరు ముందు కూర్చుండిన ప్రతివానికిని ప్రకటనకు మారుగ అందరి పాస్‌వర్డులును వరుసగ ప్రత్యక్షమయ్యెను! అది శుక్రవారము సాయంకాల మైదుగంటల వేళయనియు, పాస్‌వర్డులన్నియు మార్చుటకై ఇంటికి పోక కూర్చుండవలసివచ్చెననియు చెప్పుదురు. వారాంతమున బస్సు తప్పిన ఉద్యోగి వేదన ఏ దేశమున నైనను ఒకటియే.

రెండు సంఘటనలలోను పదములు మంచివే. కాని యంత్రము వానిని తెలిసికొని యుండెను. తెలిసినదానిని పొరపాటున చెప్పివేసెను. అట్లయిన, యంత్రమునకు రహస్యము తెలియకయే దానిని సరిచూచు ఉపాయము లేదా? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోజర్ నీఢామును మైక్ గైయును 1960 దశకమున సమాధానము కనుగొనిరి. 1968లో మారిస్ విల్క్స్ తన గ్రంథమున దానిని ప్రకటించెను.

ఆ ఉపాయమును మన వంటింటి మాటలలో ఇట్లు చెప్పవచ్చును. గోంగూరయు మిరపకాయలును రోటిలో వేసి నూరినచో పచ్చడి యగును. పచ్చడినుండి మరల ఆకును కాయను తీయుట బ్రహ్మతరము కాదు. కాని అవే పాళ్లలో అవే వస్తువులను మరల నూరినచో అదే రుచి వచ్చును. యంత్రము పాస్‌వర్డును దాచుకొనదు. దానిని నూరి, పచ్చడిని మాత్రమే దాచుకొనును. యజమాని వచ్చి పదము చెప్పినప్పుడు దానినిగూడ నూరి, రెండు పచ్చడులను పోల్చిచూచును. సరిపోయినచో తలుపు తీయును. చిట్టాను దొంగిలించినవానికి పచ్చడియే గాని ఆకు దొరకదు. అంకెలలో చూడగోరువారికి చిన్న ఉదాహరణము: 4736ను దానితోడనే గుణించినచో 22429696 వచ్చును. అందు నడిమి నాలుగంకెలు 4296. ఈ 4296ను మాత్రమే వ్రాసియుంచుదము. దీనిని చూచినవానికి అసలు సంఖ్యను నేరుగ రాబట్టు సూత్రము లేదు. నిజమైన పద్ధతులు ఇంతకంటె ఎన్నో రెట్లు జటిలములు, తత్త్వము మాత్రమిదియే.

1979లో రాబర్టు మారిస్, కెన్ థాంప్సను అను ఇద్దరు యూనిక్స్ యంత్రపద్ధతిలో ఈ ఉపాయ మనుభవించిన కష్టములను ఒక వ్యాసముగ వ్రాసిరి. వారు 3,289 పాస్‌వర్డులను పరిశీలింపగా నూటికి 86 తేలికగ ఊహింపదగినవిగ నుండెను. నిఘంటువులోని మాటలన్నిటిని ముందుగనే నూరి యుంచుకొన్నవానికి, చిట్టా చేతికి వచ్చినచో పోల్చిచూచుటయే పని. దీనికి విరుగుడుగ వారొక చమత్కారము చేసిరి: నూరుటకుముందు ప్రతివాని పదమునకును వేరువేరు యాదృచ్ఛిక సంఖ్యను చేర్చిరి. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు! పచ్చడి ఉపమానము నేను పెట్టినదే గాని ఉప్పు వారిదే. ఇద్దరి పదము ఒకటియే ఐనను ఉప్పు వేరగుటచేత పచ్చడులు వేరగును. దొంగ ప్రతియింటికిని మరల మొదటినుండి నూరుకొనవలెను. అంతటితో నాగక, నూరు పనిని కావలెననియే ఆలస్యము చేసిరి. యజమానికి అరక్షణము ఆలస్యమైన లెక్కలేదు. కోటిమార్లు నూరవలసిన దొంగకు అది యుగమగును. 2015లో ఒక పోటీయందు గెలుపొందిన ఆర్గాన్2 అను పద్ధతివరకు వచ్చినవన్నియు ఈ దారిలోనివే.

ఇట్లు 1979 నాటికే ఔషధము సిద్ధముగ నుండగా, ఇంటి హెచ్చరిక యంత్రములు దానిని సేవించెనా? పెక్కు సేవింపలేదు. కారణములు చూడవలసినవి.

మొదటిది, పెట్టె చిన్నది. గోడలోపలి నియంత్రణ పెట్టెలో చౌకయైన చిన్న యంత్రభాగముండును. రహస్యసంఖ్యలను దాని జ్ఞాపకశక్తిలో ఉన్నవున్నట్లుగ వ్రాసియుంచుట తయారీదారులకు సులభమయ్యెను. రెండవది, అమర్చువాని సౌకర్యము. అమర్చినవాడు తన దుకాణమున కూర్చుండి టెలిఫోను తీగద్వారా పెట్టెతో మాటలాడి, దాని యమరికలన్నిటిని తన కంప్యూటరునకు దింపుకొనును. ఆ యమరికలలో ఇంటివారి రహస్యసంఖ్యలు గూడ నుండును. ఇట్లు వందల యిండ్ల సంఖ్యలు ఒక దుకాణపు బల్లపై, ఒకే డేటాబేసులో చేరును. ఆ కంప్యూటరును మరమ్మతునకు తీసికొనిపోవువా డెవడు, దాని నకలు ఏ అరలో నున్నది, క్రిందటి నెలలో పని మానిన కుర్రవానికి ఇంకను అందు ప్రవేశమున్నదా అని యింటివాడు అడుగడు. ఇదిగాక అమర్చువానికి ప్రత్యేక సంఖ్య యొకటి కలదు. తయారుచేసిన కంపెనీ దానిని అన్ని పెట్టెలకును ఒకటిగనే పెట్టి, పుస్తకములో అచ్చువేయును. మార్చవలసినది అమర్చువాడు. మార్చకపోవుటయే అలవాటు.

మూడవ కారణము అన్నిటికంటె ఆలోచింపదగినది. గంట మ్రోగినప్పుడు కేంద్ర కార్యాలయపు ఉద్యోగి యింటికి ఫోనుచేసి సంకేతపద మడుగును. ఇంటివాడు చెప్పినది సరియో కాదో ఆ యుద్యోగి చెవితో విని తేల్చవలెను. కావున అతని తెరపై ఆ పదము ఉన్నదున్నట్లుగ కనబడును. ఇచట సరిచూచునది యంత్రము కాదు, మనుష్యుడు. మనుష్యుడు పచ్చడిని పోల్చలేడు. అట్లని ఉపాయము లేకపోలేదు: విన్నమాటను ఉద్యోగి టైపు చేయవలెను, యంత్రము ఔననియో కాదనియో మాత్రము చెప్పవలెను. కంగారులో ఉచ్చారణ తేడాలు వచ్చును, ముసలివారు మాట మరతురు అను కారణములచేత ఇది అంతటను ఆచరణలోనికి రాలేదు. ఆ కారణములు తీసివేయదగినవి కావు. తెలుగు పేరును సంకేతపదముగ పెట్టుకొని, పరభాషీయుడైన ఉద్యోగికి ఫోనులో అక్షరమక్షరము చెప్పబోయినవారికి ఆ కష్టము తెలియును.

ఇంకొక చిక్కు లెక్కలోనిది. పైన చెప్పిన నూరు పద్ధతి దీర్ఘములైన పదములకు కోటగోడవంటిది. నాలుగంకెల సంఖ్యకు అది దడి మాత్రమే. మొత్తము 10,000 సంఖ్యలే గనుక, చిట్టాయు ఉప్పును చేతికి దొరికినచో అన్నిటిని నూరి చూచుటకు నేటి కంప్యూటరునకు క్షణములు చాలును. ఎంత ఆలస్యపు పద్ధతియైనను కొద్ది గంటలకు మించదు. గోడపై పలకవద్ద ఇది సాగదు. కొన్ని తప్పులకు యంత్రము మొరాయించును. చిట్టా తనయింటికి తెచ్చుకొన్న దొంగను మొరాయించువా డెవడు? కావున రహస్యసంఖ్య యెంత చిన్నదైన చిట్టాకు అంత గట్టి కాపుదల కావలెను. లోకములో జరిగినది తలక్రిందులు.

చిట్టాలు బయటపడిన కథలు ఇటీవల కొల్లలు. 2009 డిసెంబరులో రాక్‌యూ అను అమెరికా కంపెనీ డేటాబేసునుండి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు పోయెను. అన్నియు ఉన్నవున్నట్లుగ వ్రాసినవే. మారిస్, థాంప్సనుల వ్యాసము వెలువడి అప్పటికి ముప్పదియేండ్లు. 2021 మార్చిలో వెర్కాడా అను కెమెరాల కంపెనీయందు, అన్నిటిపై అధికారముగల ఒకే ఒక ఖాతా వివరములు బయట దొరుకుటచేత సుమారు 1,50,000 కెమెరాల దృశ్యములు తమకు అందినవని చొరబడినవారు ప్రకటించిరి. ఆసుపత్రులు, పాఠశాలలు, చెరసాలలు అందుండెను. వెలుపలి దొంగకై పెట్టిన కన్నులు లోపలివారిని చూపెను.

అన్నిటికంటె మనస్సును కలచునది టెక్సాస్ రాష్ట్రములోని వ్యవహారము. ఇండ్లలో హెచ్చరిక యంత్రములను అమర్చు ఉద్యోగి యొకడు, సుమారు 200 మంది ఖాతాదారుల చిట్టాలో తన ఈ-మెయిలు చిరునామాను గూడ చేర్చుకొని, నాలుగున్నర యేండ్లపాటు 9,600 మార్లకు పైగా ఆ యింటి కెమెరాలలో తొంగిచూచెను. 2021లో నేరమొప్పుకొనగా న్యాయస్థానము 52 మాసముల కారాగార శిక్ష విధించెను. ఆ యిండ్ల స్త్రీలు ఎవరినుండి రక్షణ కోరి డబ్బు చెల్లించిరో, ఎవనిని లోపలికి రానిచ్చి మంచినీ రిచ్చిరో తలచుకొన్న గుండె చెరువగును. ఒక్క సంఖ్యయు అతడు ఊహింపలేదు. గంట ఒక్కమారును మ్రోగలేదు. అబ్దుల్లాఖాన్ పనీ తీసిన ద్వారమే యిది. ఇట్టిదానికి నూరుటయు ఉప్పును గూడ మందు కాజాలవు. చిట్టాలో పేరు చేర్చుటకు ఇద్దరి యనుమతి కావలెనను నియమమును, చేర్చినప్పుడెల్ల యింటివానికి తెలియుటయును కావలెను. మన నగదు పెట్టెకు రెండు తాళము లెందుకో ఇప్పుడు చెప్పనక్కరలేదు.

ప్రభుత్వములు మేల్కొనుచున్నవి. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి, ఇంటిలో వాడు ఇంటర్నెట్ పరికరములన్నిటికిని ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధమయ్యెను. మనదేశమున 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ సంస్థ, ఇట్టి చొరబాట్లు తెలిసిన ఆరు గంటలలో తనకు తెలుపవలెనని 2022లో ఆదేశించెను. 2023లో వెలువడిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము, సమాచారమునకు తగిన కాపుదల చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు దండన విధింపవచ్చునని చెప్పుచున్నది. చట్టము అచ్చయినంత వేగముగ చిట్టాలు శుభ్రపడవు. ఈలోగా రాజధానిలోను, హైదరాబాదు విజయవాడల క్రొత్త మేడలలోను, అమెరికాలో మన పిల్లల యిండ్లలోను అంకెల పలకలు వెలయుచునే యున్నవి. వేసవి సెలవులకు ఊరికి పోవుచు క్వార్టరు తాళపుచెవిని ప్రక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టిన తరము మనది. ఆమెకు మన యింటి సంగతులన్నియు తెలియును, మనకు ఆమె సంగతియు తెలియును. చిట్టా నుంచుకొన్న కంపెనీ సంగతి మనకేమియు తెలియదు.

అయినను తెలిసికొనుటకు ఒక చిన్న పరీక్ష కలదు. దానికి యంత్రజ్ఞానము అక్కరలేదు. మీ యింటి పెట్టెను అమర్చినవారికి ఫోనుచేసి, మా రహస్యసంఖ్య మరచితిమి, దయచేసి చెప్పుడని యడుగుడు. పాతదానిని తాము ఎరుగమనియు, క్రొత్తది పెట్టుకొనుటకు మీరెవరో ముందు రుజువు చేయవలెననియు వారు చెప్పినచో విసుగుకొనకుడు. అట్లు గాక ఒక్క నిమిషములో మీ నాలుగంకెలను చదివి వినిపించినచో, అవి వారి తెరపై ఉన్నవున్నట్లుగ నున్నవన్నమాట. ఆనాడే సంఖ్యను మార్చి, ఆ తెరను చూచువా రెవరెవరో వ్రాతమూలకముగ అడుగుడు.